సంతకానికి ముందు ఒక్క రాత్రి

రండి, ఇట్లా తిన్నె మీదికి వచ్చి కూర్చోండి. మా కాళహస్తికి చలి పెద్దగా తెలియదు గానీ, ధనుర్మాసంలో పొద్దుగూకాక స్వర్ణముఖి మీదుగా గాలి తిరిగిందంటే కుంపటి కావాలనిపిస్తుంది. బొగ్గులు రాజుకున్నాయి, టీ వేడిగా ఉంది. కొద్దిరోజులుగా ఒక సంగతి మనసులో పెట్టుకుని తిరుగుతున్నాను. మీకు చెప్తే గానీ నిద్ర పట్టేట్టు లేదు.

పోయిన వారం రాత్రి భోజనాలయ్యాక మా వీధి చివరింటి పిల్ల వచ్చింది. వాళ్ళమ్మ కలంకారీ పని చేస్తుంది. డిగ్రీ చదివేటప్పుడు ఈ పిల్ల అమ్మ పనిని ఊరికే ఫోన్లో తీసి పెట్టేది. కరక్కాయ పొడి కలిపిన పాలలో గుడ్డ నానబెట్టడం, కాల్చిన చింతపుల్లతో గీత పెట్టడం, ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నల్లటి కసింలో కలం ముంచడం, చివరికి పారే నీళ్ళలో జాడించడం. మాకు రోజూ కళ్ళ ముందుండే పనే. ఎక్కడెక్కడి వాళ్ళో ఆగి చూశారు. ఇప్పుడు ముప్పై వేల మందికి పైగా ఆ పిల్లను ఫాలో అవుతున్నారు.

నేను పాతికేళ్ళుగా ఈ ఊరి కోర్టుకు పోయి వచ్చే మనిషిని. వీధిలో ఎవరికి నోటీసొచ్చినా, ఎవరు పొలం అగ్రిమెంటు రాసుకున్నా ఆ కాగితం ముందు ఈ తిన్నె మీదికి వస్తుంది. ఈసారి వచ్చింది కాగితం కూడా కాదు, ఫోను.

"పిన్నమ్మా, ఒక చీరల కంపెనీ వాళ్ళు పెయిడ్ కొలాబ్ ఇచ్చినారు. రెండు రీళ్ళు, మూడు స్టోరీలు. పదిహేను వేలు ఇస్తారంట, చీర కూడా మనకే. అగ్రిమెంటు పంపినారు. యాడ సంతకం పెట్టాలో బాణం గుర్తేసి పెట్టినారు. పొద్దునకల్లా పంపమన్నారు. పెట్టేస్తా ఉండా, ఊరికే ఒకసారి నీకు చూపించి పోదామని వచ్చినా."

ఆ "ఊరికే ఒకసారి" అన్న మాట విని నా ప్రాణం కుదుటపడింది. ఎందుకంటే నా దగ్గరికి ఇట్లాంటి కాగితాలు సంతకం అయిపోయాకే వస్తాయి. డబ్బు రాలేదనో, నోటీసు వచ్చిందనో, తన ముఖం తనకు తెలియని చోట కనబడుతోందనో అప్పుడు వస్తారు. అప్పుడు నేను చేయగలిగింది కొంతే. సంతకానికి ముందు వస్తే పది నిమిషాల్లో చెప్పగలిగిన మాట, తరువాత పదేళ్ళు వాయిదాలు తిరిగినా తెగదు.

పద్నాలుగు పేజీలు, అంతా ఇంగ్లీషు. మొదటి రెండు పేజీలు ఆ పిల్ల చదివింది, అర్థం చేసుకుంది కూడా. ఎన్ని రీళ్ళు, ఎన్ని సెకన్లు, ఏ తేదీకి పెట్టాలి, ఎంత డబ్బు. అక్కడితో ఆపేసింది. పిల్లను తప్పు పట్టను. మన పెద్దలూ అంతేగా, పొలం కాగితంలో హద్దులూ ధరా చదివించుకుని మిగతాది రాసేవాడి మీద వదిలేసేవాళ్ళు. కానీ ఈ కాగితంలో అసలు సంగతి మొదటి రెండు పేజీల్లో ఉండదు. నేను తొమ్మిదో పేజీకి పోయాను.

అక్కడ ఉంది. ఆ పిల్ల తీసే వీడియో, అందులో ఆమె పేరు, ముఖం, గొంతు, అన్నింటినీ కంపెనీ ఎప్పటికీ, లోకంలో ఎక్కడైనా, ఇప్పుడున్న మాధ్యమాల్లోనూ ఇకమీదట కనిపెట్టబోయే మాధ్యమాల్లోనూ వాడుకోవచ్చు. మార్చుకోవచ్చు, కోసుకోవచ్చు, ఇంకొకరికి ఇచ్చుకోవచ్చు. ఆమెను మళ్ళీ అడగక్కర్లేదు, మళ్ళీ డబ్బు ఇవ్వక్కర్లేదు.

చదివి వినిపిస్తే ఆ పిల్ల నవ్వేసింది. "అట్ల ఎవురైనా రాస్తారా?"

రాస్తారమ్మా. మనవాళ్ళూ రాశారు. దాన శాసనాల్లో 'ఆచంద్రార్కం' అని ఉంటుంది, సూర్యచంద్రులు ఉన్నంత కాలం అని. రాజు గుడికి ఊరిని ఇచ్చేటప్పుడు రాయించే మాట అది. మన గుడి ముందటి గాలిగోపురం కృష్ణదేవరాయలు 1516లో కట్టించింది. 2010 మే 26న అది కూలిపోయిన రాత్రి ఈ ఊళ్ళో ఏడవని వాళ్ళు లేరు. రాతితో కట్టినదే ఐదు వందల ఏళ్ళకు నేలకు వచ్చింది. 'ఆచంద్రార్కం' లాంటి మాటను రెండు రీళ్ళకు, పదిహేను వేలకు రాసివ్వమంటే ఎట్లా? దేవుడికి ఇచ్చేటప్పుడు వాడిన మాట అది. చీరల కంపెనీకి ఎందుకివ్వాలి?

చట్టం ఏమంటుందో కొంచెం చెప్తాను, ఓపిగ్గా వినండి. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. దాని 19వ సెక్షన్ ప్రకారం హక్కులు రాసిచ్చే కాగితంలో ఎన్నాళ్ళకో రాయకపోతే ఐదేళ్ళకేనని లెక్క. ఎక్కడెక్కడ అని రాయకపోతే మన దేశం వరకేనని లెక్క. చూశారా, ఏమీ రాయకపోతే చట్టం మన పక్కనే నిలబడుతుంది. అందుకే కంపెనీలు 'ఎప్పటికీ', 'ఎక్కడైనా' అని పనిగట్టుకుని రాయిస్తాయి. ఇంకొక మెలిక కూడా ఉంది. 17వ సెక్షన్లో, ఒకరు డబ్బిచ్చి అడిగి తీయించుకున్న ఫోటోకూ సినిమాకూ, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారే మొదటి యజమాని అని ఉంది. వీడియో కూడా చట్టం కంటికి సినిమా కిందికే వస్తుంది. నా ఫోనుతో తీశాను కాబట్టి నాదే అనుకుంటే కుదరదు. 'వీడియో నాది, ఒక్క ఏడాది వాడుకోవడానికి ఇస్తున్నాను' అని కాగితంలో ఉండాలి.

ఒక్క ఏడాది అన్న మాట విలువ ఎంతో ప్రకాష్ రాజ్ గారి సంగతి వింటే తెలుస్తుంది. 2025 మార్చిలో ఆయనే వీడియోలో చెప్పారు. 2016లో ఒక గేమింగ్ యాప్ ప్రకటన చేశారు. కొద్ది నెలలకే అది సరైంది కాదనిపించింది, కానీ ఏడాది ఒప్పందం కాబట్టి అది గడిచేదాకా ఆగి, 2017లో పొడిగిస్తామంటే వద్దన్నారు. 2021లో ఆ కంపెనీ ఇంకొకరి చేతికి పోయింది. కొత్తవాళ్ళు పాత ప్రకటన ముక్కను మళ్ళీ బయటికి తీశారు. ఆయన లీగల్ నోటీసు పంపితే ఆపేశారు. గడువు ఉంది గనక ఆ నోటీసుకు బలం వచ్చింది. ఆ కాగితంలో ఎప్పటికీ అని ఉండి ఉంటే ఏ ముఖంతో నోటీసు పంపుతాం? కంపెనీలు చేతులు మారతాయి. ఈరోజు చీరలమ్మినవాడు రేపు ఏం అమ్ముతాడో మనకేం తెలుసు? మన ముఖం మాత్రం అక్కడే ఉండిపోతుంది.

పైగా ఇప్పుడు ముఖమూ గొంతూ ఉంటే చాలు, మనం అనని మాటలు మనచేత అనిపించే యంత్రాలు వచ్చాయి. 2025 సెప్టెంబరులో నాగార్జున గారు ఢిల్లీ హైకోర్టుకు, చిరంజీవి గారు హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టుకు పోయి తమ పేరునూ రూపాన్నీ గొంతునూ అనుమతి లేకుండా వాడకూడదని ఆర్డర్లు తెచ్చుకున్నారు. వాళ్ళు పోరాడింది అడక్కుండా వాడుకున్న వాళ్ళ మీద. మనమే సంతకం పెట్టి 'మార్చుకోవచ్చు' అని ఇచ్చేస్తే ఆ కోర్టు గుమ్మం ఎక్కి ఏమని చెప్పుకుంటాం? అందుకని ఆ పిల్ల చేత ఒక వాక్యం రాయించాను: 'నా ముఖంతో గానీ గొంతుతో గానీ కృత్రిమ మేధ వాడి కొత్త వీడియోలు చేయకూడదు, యంత్రానికి శిక్షణ ఇవ్వకూడదు.' మీ ఇంట్లో ఈ పని చేసే పిల్లలుంటే ఈ వాక్యం రాసి పెట్టుకోమనండి.

ఇంకొంచెం టీ పోయనా? కుంపట్లో రెండు బొగ్గులు వేస్తాను, అసలు సంగతి ఇప్పుడే మొదలవుతుంది.

పదకొండో పేజీ. మా కోర్టు భాషలో దాన్ని నష్టపూచీ అంటాం. ఈ వీడియో వల్ల కంపెనీ మీద ఎవరు కేసు వేసినా, ఏ అధికారి జరిమానా వేసినా, ఆ డబ్బూ ప్లీడరు ఖర్చులూ అంతా ఈ పిల్ల కట్టాలి. ఇంత అని హద్దు లేదు. పదిహేను వేల పనికి హద్దు లేని అప్పు. సరే, ఇది చాలా అగ్రిమెంట్లలో ఉంటుంది, కొంచెం బేరమాడితే తగ్గిస్తారు. కానీ ఈ పిల్ల విషయంలో ఆ పేజీ చూస్తే నాకు భయం వేసింది. ఎందుకో చెప్తాను.

"వీడియోలో ఏం చెప్పమన్నారే?" అని అడిగాను.

వాట్సాప్‌లో వచ్చిన స్క్రిప్టు చూపించింది. చీర కట్టుకుని, వెనక గుడి గోపురం కనబడేట్టు నిలబడి, 'ఇది మా శ్రీకాళహస్తి అసలైన చేతి కలంకారీ' అనాలి.

"చీర ఏదీ?"

పరుగెత్తి ఇంటికి పోయి తెచ్చింది. వెనకాలే వాళ్ళమ్మ కూడా వచ్చింది. ఆమె చీరను పట్టుకుని వెలుగులో చూడలేదు, ముందు ముక్కు దగ్గర పెట్టుకుంది. పాల వాసన లేదు. తరువాత కొంగు మీద ఒక నెమలిని, పక్కనే ఇంకొక నెమలిని వేలితో చూపించింది. రెండూ అచ్చు ఒకటే, కన్నూ ముక్కూ తేడా లేకుండా. "కలంతో గీసేవాళ్ళకి రెండో నెమలి ఇట్ల రాదమ్మా" అంది. "ఇది మిషను పని."

మిషను ప్రింటు చీర అమ్మడం తప్పు కాదు. కొనేవాళ్ళుంటారు, తక్కువ ధరకు దొరుకుతుంది. మచిలీపట్నంలో చెక్క అచ్చులతో ముద్ర వేసే కలంకారీ ఉంది, దానికి దాని గొప్పతనం ఉంది, దానికి వేరే భౌగోళిక గుర్తింపు ఉంది. మన శ్రీకాళహస్తి కలంకారీకి ఆ గుర్తింపు 2005–06లో వచ్చింది. దాని అర్థం, ఈ పేరు ఈ పద్ధతిలో చేసినదానికే చెల్లుతుంది. 1999 నాటి భౌగోళిక గుర్తుల చట్టంలో, తప్పుడు గుర్తు తగిలించినవారికి ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ళ వరకు జైలు, 50 వేలకు తగ్గకుండా 2 లక్షల వరకు జరిమానా అని రాసి ఉంది. ఆ సెక్షన్ వీడియో చేసిన పిల్ల మీద నేరుగా పడుతుందా, అమ్మినవాడి మీదే పడుతుందా అన్నది కోర్టులో వాదించుకునే సంగతి. కానీ అమ్మినవాడి మీద పడ్డా, పదకొండో పేజీ ప్రకారం ఖర్చు తిరిగి ఈ పిల్ల మీదికే వస్తుంది. అర్థమైందా? స్క్రిప్టు వాళ్ళు రాశారు, చీర వాళ్ళు నేయించారు, అబద్ధం వాళ్ళది. పూచీ మాత్రం ఈ పిల్లది.

ఇంకొక చట్టం నేరుగానే పడుతుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 21వ సెక్షన్. జనాన్ని తప్పుదోవ పట్టించే ప్రకటనలో కనబడి మెచ్చుకున్నవారికి 10 లక్షల వరకు జరిమానా, మళ్ళీ చేస్తే 50 లక్షల వరకు. ఏడాది పాటు ఏ ప్రకటనా చేయకూడదని కూడా ఆపవచ్చు, మళ్ళీ చేస్తే మూడేళ్ళ దాకా. పెద్ద హీరోలకే కాదు, ఇన్‌ఫ్లుయెన్సర్లకూ ఇది వర్తిస్తుంది. అయితే అదే సెక్షన్లో ఒక తలుపు తెరిచి ఉంచారు. చెప్పే మాట నిజమో కాదో తగిన జాగ్రత్తతో విచారించుకున్నవారికి ఆ జరిమానా లేదు. మరి మా పిల్ల ఏమని చెప్పుకోవాలి? కలంకారీ ఇంట పుట్టి, తల్లి పక్కన కూర్చుని కరక్కాయ నూరిన పిల్ల, 'నాకు తెలియదండీ, వాళ్ళు చెప్పమన్నారు' అంటే ఎవరు నమ్ముతారు? తెలిసినవాళ్ళకు తెలియదనే వీలుండదు.

చట్టం మాట అట్లా ఉంచండి. నాకు గుండెలో గుచ్చుకున్నది ఇంకొకటి. 1957లో ఈ ఊళ్ళో కలంకారీ శిక్షణ కేంద్రం పెట్టేనాటికి ఈ పని చేసే చేతులు వేళ్ళ మీద లెక్క. జొన్నలగడ్డ లక్ష్మయ్య గారి లాంటి పెద్దలు పిల్లల్ని కూర్చోబెట్టి నేర్పబట్టి ఇది బతికింది. జొన్నలగడ్డ గురప్ప చెట్టి గారికి 2008లో పద్మశ్రీ వస్తే ఊరు ఊరంతా తనకు వచ్చినట్టు పొంగిపోయింది. ఒక చీరకు వారాలు, నెలలు పట్టే పని. ఆ పేరును మిషను చీరకు అంటించి ఈ పిల్లే అమ్మితే, నష్టపోయేది ఎవరు? ఇన్నాళ్ళూ వీడియోలు తీసిన గదిలోనే, రెండడుగుల దూరంలో కూర్చుని గీత గీసుకుంటున్న వాళ్ళమ్మ.

ఆ రాత్రి మేం ముగ్గురం కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.

విచారించుకోకుండా ప్రచారం చేస్తే ఏమవుతుందో బెట్టింగ్ యాప్‌ల గొడవలో చూశాం, మీకు గుర్తుండే ఉంటుంది. 2025 మొదట్లో, అప్పుడు తెలంగాణ ఆర్టీసీ ఎండీగా ఉన్న సజ్జనార్ గారు వాటి ప్రచారం మీద గట్టిగా గొంతెత్తారు. మార్చిలో హైదరాబాద్ పంజాగుట్ట స్టేషన్లో 11 మంది మీద, మియాపూర్ స్టేషన్లో 25 మంది మీద కేసులు నమోదయ్యాయి. పేరున్న నటులూ ఉన్నారు, మన పిల్లల్లాంటి యూట్యూబర్లూ ఉన్నారు. తరువాత ఈడీ కూడా దిగింది. తప్పెవరిదో తేల్చాల్సింది కోర్టు, నేను కాదు. నేను అనేది ఒకటే. పెద్ద నటుడికి కాగితం చదివే ప్లీడర్ల బృందం ఉంటుంది. ఊళ్ళో పిల్లకు ఉండేది టెలిగ్రామ్‌లో వచ్చిన ఒక మెసేజీ, ఖాతాలో పడిన అడ్వాన్సు. మన ఆంధ్రలో 2020 నుంచే ఆన్‌లైన్ జూదం మీద నిషేధం ఉంది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టంలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలకు ప్రచారం చేస్తే రెండేళ్ళ దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా ఉంది. అట్లాంటి పనికి రాసుకున్న ఒప్పందం కాగితంగా కూడా నిలబడదు. 1872 నాటి మన కాంట్రాక్టు చట్టమే చట్టవిరుద్ధమైన పనికి రాసుకున్నది చెల్లదంటుంది. 'మీకేం కాదు, మాది పూచీ' అని కంపెనీ రాసిచ్చినా జైలుకు పోయేటప్పుడు ఆ పూచీ తోడు రాదు. ఇట్లాంటివి ఎవరైనా పంపితే బేరాలు వద్దు, చదవడం కూడా వద్దు.

డబ్బు సంగతికి వస్తాను, త్వరగా చెప్పేస్తాను. వీడియో కంపెనీకి నచ్చిన తొంభై రోజులకు డబ్బు అని ఏడో పేజీలో ఉంది. నచ్చడానికి ఎన్నాళ్ళో లేదు. దీనికి మందు మన చేతిలోనే ఉంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ అని, ఆధార్, పాన్ ఉంటే ఫోన్లోనే పైసా ఖర్చు లేకుండా అవుతుంది. ఇంట్లో కూర్చుని సేవ అమ్మే ఒక్క మనిషి కూడా సూక్ష్మ సంస్థే. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజులు దాటకుండా డబ్బివ్వాలి. కాగితంలో తొంభై అని ఉన్నా సరే. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీతో. పద్నాలుగో పేజీలో 'తగాదా వస్తే గురుగ్రామ్‌లో, కంపెనీ నియమించిన మధ్యవర్తి ముందు' అని ఉంది. కంపెనీ ఒక్కటే మధ్యవర్తిని నియమించడం కుదరదని సుప్రీంకోర్టు 2019లోనే చెప్పింది. ఉద్యమ్ ఉన్నవాళ్ళు రావలసిన డబ్బు కోసం తాము ఉన్న చోటి ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కే పోవచ్చు. గురుగ్రామ్ రైలు ఎక్కక్కర్లేదు. అయితే రిజిస్ట్రేషన్ పనికి ముందే అయి ఉండాలి, డబ్బు ఎగ్గొట్టాక పరుగెత్తితే లాభం లేదు. ఆ పిల్ల ఈ తిన్నె మీదే కూర్చుని పూర్తి చేసుకుంది.

చీర ఫ్రీ అన్నారు కదా, అదీ ఆదాయమే. 2022 జూలై 1 నుంచి, ఒక కంపెనీ ఏడాదిలో ఇచ్చిన వస్తువుల విలువ 20 వేలు దాటితే, వాటిని మన దగ్గరే ఉంచుకుంటే, పది శాతం టీడీఎస్ పడుతుంది. వెనక్కి ఇచ్చేస్తే లేదు. చీరకు ఇది తగలదు గానీ ఫోన్లు, బండ్లు ఇస్తామనేవాళ్ళుంటారు, గుర్తు పెట్టుకోండి.

ఫ్రీగా వచ్చినదైనా, డబ్బుకు చేసినదైనా, వీడియోలో ఆ మాట చెప్పాలి. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల శాఖ ఇచ్చిన సూచనలు తేటగా ఉన్నాయి. ప్రకటన అని కంటికి కనబడేట్టు, చెవికి వినబడేట్టు ఉండాలి, హ్యాష్‌ట్యాగుల గుంపులో దాచకూడదు, వీడియో ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే ఉండాలి. ఇది నాకు ఎంతో నచ్చింది. తెలుగులో మాట్లాడి ఇంగ్లీషులో చిన్న అక్షరం మూలన పెడితే మా అత్తగారికి ఏం తెలుస్తుంది? 'ఇది ప్రకటన' అని తెలుగులోనే రాయాలి. ఈ కంపెనీ అగ్రిమెంటులో మాత్రం కంపెనీ అడిగితే తప్ప అది ప్రకటన అని చెప్పకూడదని ఉంది. దాని మీద అడ్డంగా గీత కొట్టించాను.

గుడి గోపురం ముందు వీడియో సంగతి కూడా చెప్పాలి. మన గుడి లోపలికి ఫోన్లే తీసుకుపోనివ్వరు. 'గుడి ఆవరణలో షూటింగ్' అని స్క్రిప్టులో రాసుంది. చేయలేని పనికి తేదీ పెట్టి సంతకం పెడితే, ఆ తేదీ దాటిన రోజు నుంచి తప్పు మనది. ఎక్కడో కూర్చుని రాసేవాళ్ళకు ఈ సంగతి తెలియదు, మనమే చెప్పాలి.

ఇంతా విని ఆ పిల్ల అడిగింది చూడండి, ఆ ప్రశ్నకే నేనీ కబుర్లు మొదలుపెట్టాను. "ఇవన్నీ మార్చమంటే వాళ్ళు పని ఇంకొకరికి ఇచ్చేస్తారు గదా పిన్నమ్మా?"

ఇచ్చేయొచ్చమ్మా. ఆ భయం అబద్ధమని నేను చెప్పను. కానీ ఒకటి చెప్తాను. ఆ పద్నాలుగు పేజీలు అందరికీ పంపే అచ్చు కాగితం. అడిగినవాళ్ళకు మార్చడానికి కంపెనీలో ఒక మనిషి ఉంటాడు, అడగనివాళ్ళకు మార్చడు. అడగడం అంటే గొడవ కాదు. 'ఈ మూడు లైన్లు ఇట్లా మారిస్తే ఇవాళే సంతకం పెడతాను' అని మర్యాదగా ఒక ఈమెయిల్. ఫోనులో మాటలు వద్దు, ఈమెయిల్‌లోనే. రేపు అవసరమైతే ఆ ఈమెయిలే సాక్ష్యం.

ప్లీడరు కావాలా అంటారా? నేను మీ వీధిలో లేను కదా. మీ ఊరి కోర్టు ఆవరణలో న్యాయ సేవా కమిటీ ఉంటుంది, కాళహస్తిలోనూ ఉంది. 1987 నాటి చట్టం ప్రకారం ఆడవాళ్ళకూ, పిల్లలకూ, ఎస్సీ ఎస్టీలకూ ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ ఉచిత న్యాయ సహాయం ఉంది. పద్దెనిమిది నిండిన మిగతా మగవాళ్ళకు మామూలుగా ఆదాయ పరిమితి చూస్తారు. 15100కి ఫోను చేసినా దారి చెప్తారు. కోర్టు అంటే కేసు ఉన్నవాళ్ళే పోవాలనుకుంటారు మనవాళ్ళు. సలహా అడగడానికీ పోవచ్చు. ఇది తెలియక ఎంతమంది నష్టపోతున్నారో అనుకుంటే బాధేస్తుంది. లేదంటే ఏ జూనియర్ ప్లీడరు దగ్గరికైనా పోండి. కాగితం చదివి చెప్పడానికి తీసుకునే ఫీజు ఆ కాగితం ఎత్తుకుపోయేదాని ముందు ఎంత? ప్లీడరును మూడే అడగండి. నా ముఖం ఎన్నాళ్ళు వాళ్ళ చేతిలో ఉంటుంది? తప్పు జరిగితే ఎవరు కడతారు? నా డబ్బు ఏ తేదీకి వస్తుంది? ఒప్పందం ముగిశాక రెండేళ్ళు ఇంకెవరి చీరలూ చూపించకూడదు లాంటివి కూడా రాస్తారు, చూసి బెదరకండి. ముగిశాక మన బతుకుదెరువును కట్టేసే షరతు మన దేశంలో మామూలుగా చెల్లదు. పది లక్షలు జరిమానా అని రాసినా, కోర్టు న్యాయమైన నష్టం ఎంతో చూసే ఇప్పిస్తుంది.

పద్దెనిమిది నిండని పిల్లలతో రాయించుకున్న ఒప్పందం మొదటికే చెల్లదు. 1903లోనే ప్రివీ కౌన్సిల్ తేల్చిన సంగతి అది. అందుకే కంపెనీలు తల్లిదండ్రుల చేత సంతకం పెట్టిస్తాయి. కాబట్టి ఇంట్లో పదో తరగతి పిల్లవాడికి పేజీ ఉంటే, పూచీ మీ నెత్తి మీదికి వస్తుందని గుర్తుంచుకుని చదవండి.

ఆ రాత్రి పదకొండు దాటాక ఆ పిల్ల ఈమెయిల్ పంపింది. నేను రెండు మాటలే దిద్దాను, మిగతాదంతా తనదే. మూడు రోజులకు జవాబొచ్చింది. వాడకం ఏడాదికి తగ్గించారు. కృత్రిమ మేధ వాక్యం ఒప్పుకున్నారు. నష్టపూచీలో, కంపెనీ ఇచ్చిన మాటల వల్ల వచ్చే నష్టం కంపెనీదే అని రాశారు. డబ్బు ముప్పై రోజులకు. చదివి వాళ్ళమ్మ కళ్ళు తుడుచుకుంది. కానీ 'చేతి కలంకారీ' అన్న మాట మాత్రం మార్చలేమన్నారు, అమ్మకాలన్నీ ఆ మాట మీదే నడుస్తున్నాయట. ఈ పిల్ల 'కలంకారీ డిజైను ప్రింటు చీర' అని చెప్తానంది. పైవాళ్ళను అడిగి ఇవాళ రాత్రి తొమ్మిదికి ఫోను చేస్తామన్నారు.

చీరను మళ్ళీ మడతపెట్టి, చీటీ తీయకుండా కవర్లో పెట్టి ఉంచింది. వాళ్ళు ఒప్పుకుంటే రేపు వీడియో, లేకపోతే రేపు కొరియరు. రసీదు ఫోటో తీసి పెట్టుకోమని చెప్పాను.

తొమ్మిది కావస్తోంది. అదిగో, వీధి మలుపులో ఫోను లైటు వేసుకుని వస్తున్నది ఆ పిల్లే. వెనక వాళ్ళమ్మ. కొంచెం జరగండి, వాళ్ళకూ చోటివ్వండి.